పాత కంప్యూటరుకూ ఒక విస్తరి
మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ

శ్రీ సత్య నాదెళ్ల గారికి,



1980ల తొలినాళ్లలో బి.ఎన్. యుగంధర్ గారు బ్యాంకాక్ నుంచి పదిహేనేళ్ల కొడుక్కి ఒక కంప్యూటరు కిట్టు తెచ్చారు. దాని పేరు జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. ఇంట్లో ఉన్న టీవీయే దానికి తెర. పాటల క్యాసెట్టే దాని గోదాము. ఆ కొడుకు మీరేనని, ఆ కిట్టు మిమ్మల్ని ఈ దారి పట్టించిందని మీ ‘హిట్ రిఫ్రెష్’ చదివినవాళ్లకు తెలుసు. ఆ యంత్రానికి ఒక సుగుణం ఉండేది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరంతా 16 కిలోబైట్ల రోమ్ చిప్పులో రాతి మీద చెక్కినట్టు ఉండిపోయేది. కొత్త వెర్షన్ కొనమని ఎవరూ అడిగేవారు కాదు. ఫలానా తేదీతో మీ కంప్యూటరుకు గడువు తీరిపోతోందని ఎవరూ హెచ్చరించేవారూ కాదు.

ఇప్పుడు ఇంటింటి కంప్యూటరుకూ ఆ హెచ్చరిక వచ్చేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పైసా కట్టకుండా విండోస్ 11కి మారిపొమ్మని మీ సంస్థ చెప్పింది. మారలేనివాళ్ల కోసం ఏడాదిపాటు ఒక ఏర్పాటు చేసింది. అది 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. ఈ రెండు తేదీల మధ్య ఇరుక్కున్న ఇళ్ల తరఫున రాస్తున్న లేఖ ఇది. ఇందులో మాట ఒకటే: రాయితీ ఇంట్లో ఉన్న కంప్యూటరుకు అందాలి, అంగట్లో ఉన్న కంప్యూటరుకు కాదు.

పాతది చూపించి కొత్తది తక్కువకు తెచ్చుకునే విద్య తెలుగు ఇళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ గంపతో వీధిలోకి వచ్చిందంటే, నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ మధ్యలో పెట్టుకుని గంటసేపు బేరం నడిచేది. విండోస్ అప్‌గ్రేడ్ పెట్టె కూడా ఆ బాపతు వ్యాపారమే. 2001 అక్టోబర్ 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌కు అమెరికాలో పూర్తి ధర 199 డాలర్లు. పాత విండోస్ ఉన్నవాళ్లకు 99. ఖాళీ హార్డ్‌డిస్కు మీద ఎక్కించబోతే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయి, పాత విండోస్ సీడీ ఏదీ, ఒకసారి పెట్టండి అని అడిగేది. పెడితే చూసి, సరేనని, తిరిగి ఇచ్చేసేది. స్టీలు సామాన్ల ఆవిడ చీరలు తిరిగి ఇచ్చేది కాదు. ఆ లెక్కన మీ సంస్థ బేరమే నయం.

ఆ డబ్బుకు తగిన ఫలమూ దక్కేది. విండోస్ 98లో యూనికోడ్ తెలుగుకు దిక్కు లేదు. అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీ గడులు వరసగా నిలబడేవి. విండోస్ 2000 దేవనాగరినీ తమిళాన్నీ గుర్తించింది కానీ తెలుగు జోలికి రాలేదు. తెలుగు వచ్చింది ఎక్స్‌పీతోనే. వస్తూ వస్తూ గౌతమి అనే ఫాంటును వెంటబెట్టుకొచ్చింది. అయితే అది పిలవగానే పలికేది కాదు. కంట్రోల్ ప్యానెల్ తెరవాలి. రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో రెండో ట్యాబ్ నొక్కాలి. సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టాలి. సీడీ అడిగితే ఇవ్వాలి. తర్వాత ఒకసారి రీస్టార్ట్. అప్పుడు ‘లక్ష్మి’ ఒత్తులతో సహా తెరమీద కుదురుగా కూర్చునేది. ప్రపంచానికి ఎక్స్‌పీ అంటే పచ్చటి గుట్ట, దాని మీద నీలాకాశం. ఇంటర్నెట్లో తెలుగు రాసిన తొలి తరానికి మాత్రం ఎక్స్‌పీ అంటే ఆ టిక్కు.

ఆ టిక్కు పెట్టినవాళ్లలో ఎంతమంది పెట్టె కొన్నారన్నది వేరే ప్రశ్న. ఊళ్లో విడిభాగాలు కొని కంప్యూటరు అసెంబుల్ చేయించుకున్న ఇళ్లలో మదర్‌బోర్డుకు బిల్లు ఉండేది, మానిటరుకు వారంటీ కార్డు ఉండేది, విండోస్‌కు రెండూ ఉండేవి కావు. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్‌ఏ 2018లో వెలువరించిన సర్వే ప్రకారం కూడా, 2017లో భారతదేశంలో లైసెన్సు లేకుండా వాడిన సాఫ్ట్‌వేర్ వాటా 56 శాతం. దీన్ని దొంగబుద్ధి అని కొట్టిపారేయడం తేలిక. ధరల పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే కథ కాస్త వేరుగా కనబడుతుంది.

మన దేశానికని చవక విండోస్ తేవాలన్న ఆలోచన మీ సంస్థకు ఇరవై ఏళ్ల కిందటే వచ్చింది. 2005లో ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ హిందీలో ఇక్కడ అడుగుపెట్టింది. దాంతో రెండు చిక్కులు. ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరవనిచ్చేది, నాలుగోది తెరిస్తే కుదరదనేది. ఆపైన, అది కొత్త కంప్యూటరుతో తప్ప విడిగా దొరికేది కాదు. ఇంట్లో అప్పటికే ఒక యంత్రం ఉన్నవాళ్లకు ఆ చవకతనం అందలేదు. రాయితీని కొత్త యంత్రానికి ముడిపెట్టడం అప్పుడే మొదలైంది.

ఉన్న యంత్రానికి ఇచ్చిన రాయితీలూ లేకపోలేదు. అవి ముందుగా వేరే దేశాల్లో కనబడ్డాయి. విస్టా కాలంలో ఖరీదైన అల్టిమేట్ ఎడిషన్ కొన్న అమెరికా ఇంటికి, మిగతా రెండు కంప్యూటర్లకు హోమ్ ప్రీమియం ఒక్కొక్కటి 49.99 డాలర్లకు ఇచ్చారు. విండోస్ 7 మార్కెట్లోకి రావడానికి నాలుగు నెలల ముందే, 2009 జూన్ 26 నుంచి రెండు వారాలపాటు, ముందస్తుగా చెప్పుకున్న అమెరికా వాళ్లకు హోమ్ ప్రీమియం అప్‌గ్రేడ్ 49.99 డాలర్లకే దొరికింది. అసలు ధర 119.99. కెనడా, జపాన్, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలకూ అలాంటి అవకాశం వచ్చింది. విడుదలయ్యాక మూడు కంప్యూటర్లకు కలిపి 149.99 డాలర్ల ఫ్యామిలీ ప్యాక్ పెట్టారు. కాలేజీ విద్యార్థులకు 29.99 డాలర్లే. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న తెలుగు కుర్రాడు తన ల్యాప్‌టాప్‌ను సినిమా టికెట్లంత ఖర్చుతో మార్చుకున్నాడు. ఇక్కడ ఇంట్లో ఉన్న అతని తమ్ముడికి ఆ లెక్క వర్తించలేదు.

మన గడప దాకా వచ్చిన అసలైన రాయితీ 2012లోది.

ఆ ఏడాది అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చింది. ఎక్స్‌పీ, విస్టా, 7 – వీటిలో ఏది ఉన్నా సరే, విండోస్ 8 ప్రో డౌన్‌లోడ్ భారతదేశంలో 1,999 రూపాయలు. ఆ ఏడాది జూన్ 2 తర్వాత విండోస్ 7తో కంప్యూటరు కొన్నవాళ్లకైతే 699. గడువు 2013 జనవరి 31. రూపాయల్లో ధర, ఇంట్లో కూర్చునే కొనుగోలు. విండోస్ 7 నడిచే యంత్రం చాలావరకు విండోస్ 8నూ మోసేది, ఒక గిగాబైట్ ర్యామ్‌తోనే. ఏనాడూ విండోస్ కొనని ఇళ్లు కూడా ‘ఈ ధరైతే కొనచ్చు కదా’ అనుకునే ధర అది. స్టార్ట్ బటన్ తీసేసినందుకు విండోస్ 8 ఎన్ని తిట్లు తిన్నా, ధర విషయంలో మీ సంస్థ మన మధ్యతరగతి నాడి పట్టుకున్న సందర్భం అదొక్కటే. అమెరికాలో 39.99 డాలర్లున్న ఆ అప్‌గ్రేడ్ ఫిబ్రవరి 1 తెల్లవారేసరికి 199.99 డాలర్లయింది. 2015లో విండోస్ 10 హోమ్ విడి పెట్టె భారతదేశంలో 7,999 రూపాయలు, ప్రో 14,999. 1,999కి, 7,999కి మధ్య ఉన్న గోతిలోనే దొంగ యాక్టివేటర్లూ, ఎక్కడివో తెలియని కారుచవక ‘కీ’లూ మొలిచాయి.

2014 ఫిబ్రవరి 4న మీరు పగ్గాలు చేపట్టారు. మరుసటి ఏడాది జూలై 29న విండోస్ 10 వచ్చింది, 7, 8.1 వాడేవాళ్లకు ఏడాదిపాటు ఉచితమన్నారు. చెప్పిన గడువు దాటాక కూడా పాత కీలు 2023 దాకా పనిచేస్తూనే ఉన్నాయి. అప్పట్లో ఉచితం మరీ ముదిరి, వద్దన్నా వినని మర్యాదలా తయారైంది. అప్‌గ్రేడ్ ప్రకటన మూలనున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, సరేనన్నట్టే లెక్కగట్టి రాత్రికి రాత్రి మార్చేసిందని 2016లో దేశదేశాలవాళ్లు గోలపెట్టారు. తన పని కంప్యూటరు అలా మారిపోయి కుంటుపడిందని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంటు కోర్టుకెక్కి 10 వేల డాలర్లు గెలుచుకున్నారు. పెళ్లివారు బలవంతంగా వడ్డించినట్టు వడ్డించారు, నిజమే. కానీ ఆ బంతిలో పాత యంత్రాలకూ చోటు ఉంది. 2009లో కొన్న కంప్యూటరు కూడా విండోస్ 10తో లేచి కూర్చుంది.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11 దగ్గర బంతి మారిపోయింది. ధర అలాగే ఉచితం. గుమ్మం దగ్గర మాత్రం తనిఖీ. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో ఉండాలి. అంటే దాదాపు 2017 చివర నుంచి వచ్చినవే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు సరిపోతాయి. అందులో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ప్రాసెసరు పుట్టినతేదీతోనే. ఆ నిబంధనకు కొన్ని మినహాయింపులు ఇచ్చారు. మీ సంస్థే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ఏడో తరం చిప్పు వాటిలో ఒకటి. సొంత బిడ్డ కాబట్టి పంక్తిలో కూర్చోబెట్టుకున్నారు. పక్కింటి ఏడో తరం వాడు గుమ్మం బయటే ఉన్నాడు.

ఒక ఇంటిని ఊహించుకోండి. హనుమకొండలోనో తెనాలిలోనో 2016లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఆరో తరం కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్. మధ్యలో ఓసారి నెమ్మదించిందని ఎస్‌ఎస్‌డీ వేయించారు. ఇప్పుడు అరనిమిషంలో ఆన్ అవుతోంది. రిటైరైన మాస్టారు దాని మీదే పెన్షన్ స్లిప్పు చూసుకుంటారు, మనవరాలు ఎప్‌సెట్ మాక్ టెస్టులు రాస్తుంది. గడువు వార్త పేపర్లో చదివి ఆ పిల్ల పీసీ హెల్త్ చెక్ అనే మీ ప్రోగ్రాము ఎక్కిస్తుంది. నీలం బటన్ నొక్కితే, ఈ కంప్యూటరు విండోస్ 11కి ప్రస్తుతం అర్హమైనది కాదన్న వాక్యం వస్తుంది. ఫలితాలన్నీ చూపించమంటే జాబితా విచ్చుకుంటుంది. సెక్యూర్ బూట్, ర్యామ్, డిస్కు అన్నిటికీ పచ్చ టిక్కులు. రెండు చోట్ల మాత్రం ఎర్రగుర్తు: టీపీఎం, ప్రాసెసర్.

పిల్ల తెలివైనది. రీస్టార్ట్ చేసి డిలీట్ కీ టకటకా కొడుతూ బయాస్‌లోకి వెళ్తుంది. అక్కడ ఇంటెల్ పీటీటీ అని ఒక వరస, పక్కన ‘డిసేబుల్డ్’ అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, ఎఫ్10 కొట్టి బయటికొచ్చి మళ్లీ తనిఖీ చేస్తే టీపీఎం దగ్గర కూడా పచ్చ టిక్కు పడుతుంది. కంప్యూటరులో ఆ భద్రత మొదటినుంచీ ఉంది, నిద్రపోతోందంతే. ఇక మిగిలింది ఒకే ఒక్క ఎర్రగుర్తు. దానికి బయాస్‌లో మందు లేదు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మార్చాలి. అంటే కంప్యూటరు మార్చాలి. అది ముప్పై, నలభై వేల మాట. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరినుంచి మెమరీ చిప్పుల ధర మండిపోతోంది. ఆ గిరాకీ పెంచినవాళ్లలో మీరూ ముందు వరసలోనే ఉన్నారు.

అప్‌గ్రేడ్ ఉచితం, ఖర్చు ముప్పై వేలు. ఈ వాక్యంలో రాయితీ ఎక్కడుందో మాస్టారికి అర్థం కావడం లేదు.

విండోస్ 11 నిబంధనల వెనుక కారణం లేదని ఈ లేఖ అనడం లేదు. రహస్య తాళాలను ప్రత్యేక చిప్పులో దాచడం, కంప్యూటరు మేల్కొనేటప్పుడే దొంగ ప్రోగ్రాములు దూరకుండా కాపలా పెట్టడం, ఆ కాపలాను నెమ్మదించకుండా మోయగల కొత్త ప్రాసెసర్లు కోరడం ఇంజినీర్లు ఒప్పుకునే మాటలే. అయితే ఆ తర్కం కొత్త ఇల్లు ఎలా కట్టాలో చెబుతుంది. పాత ఇంట్లో ఉంటున్నవాళ్ల తలుపుకు గడియ తీసేయమని చెప్పదు. భద్రత కోసమే కొత్త యంత్రం కావాలన్నవాళ్లు, భద్రత అప్‌డేట్లు ఆపేసి పాత యంత్రాన్ని గాలికి వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడాలి.

ఏమవుతుందో 2017 మే 12న చూశాం. ఆ రోజు విరుచుకుపడ్డ వానాక్రై, బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసినంత పని చేసింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లనూ తాకింది. చిత్తూరు సహా కొన్ని జిల్లాల్లో ఫైళ్లకు తాళాలు పడి, బిట్‌కాయిన్లు కట్టమన్న ఎర్రతెర ప్రత్యక్షమైంది. మందు లేక కాదు ఇదంతా. ఆ కన్నం పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. 2014 ఏప్రిల్ 8తోనే గడువు తీరిన ఎక్స్‌పీకి మాత్రం అప్పటిదాకా అందరికీ అందే మందే లేదు. గోల మొదలయ్యాక మీ సంస్థ ఆ చచ్చిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ తయారు చేసి ఉచితంగా పంచింది. మంచి పని. గడువు తీరిన యంత్రం కూడా ఊరి ఆరోగ్యంలో భాగమేనని ఆ రోజు మీరే ఒప్పుకున్నట్టయింది.

ఇక ప్రస్తుత ఏర్పాటు సంగతి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, పొట్టిగా ఈఎస్‌యూ. కొత్త హంగులు రావు, సాయం కోసం ఫోను చేస్తే పలికేవాళ్లు ఉండరు, భద్రతా ప్యాచ్‌లు మాత్రం వస్తాయి. ఇళ్లకు మూడు దారులు పెట్టారు. 30 డాలర్లు కట్టడం ఒకటి. మన రూపాయల్లో రెండున్నర వేల పైమాట, పన్ను అదనం. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి ఉంటే వాటితో చెల్లించడం రెండోది. కంప్యూటరు సెట్టింగులను వన్‌డ్రైవ్‌లో దాచుకుంటే ఉచితంగా పొందడం మూడోది. ఏ దారిన వెళ్లినా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. ఒక లైసెన్సు పది కంప్యూటర్ల దాకా పనికొస్తుంది.

మూడో దారి మంచిదే. నిజానికి తెలుగు ఇళ్లలో చాలామందికి సరిపోయేది అదే. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ‘ఎన్‌రోల్ నౌ’ అనే చిన్న లింకు కనిపిస్తుంది. నొక్కితే రెండు నిమిషాల పని. కానీ ఈ సంగతి ఎంతమందికి తెలుసు? కంప్యూటరు షాపులో కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్ గురించి చెప్పినంత ఉత్సాహంగా ఆ లింకు గురించి చెప్పడు. చెబితే అతనికి వచ్చేదేం లేదు.

యూరప్‌లో చెప్పేవాళ్లున్నారు. అక్కడి వినియోగదారుల సంఘాలు పట్టుబట్టడంతో, 2025 సెప్టెంబరులో మీ సంస్థ యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాలకు షరతు సడలించింది. సెట్టింగులు వన్‌డ్రైవ్‌లో దాచనక్కర్లేదు, ఖాతాతో లాగిన్ అవుతూ ఉంటే చాలు. అదే నెలలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ కూడా ఉచిత మద్దతు పొడిగించమని మీకు లేఖ రాసింది. విండోస్ 10కి మద్దతు ఆగడంతో 40 కోట్ల దాకా కంప్యూటర్లు వెనకబడిపోతాయని అక్కడి పర్గ్ సంస్థ లెక్కగట్టింది. మార్కెట్ పరిశోధన సంస్థ కనాలిస్ 2023లో వేసిన అంచనాయే 24 కోట్లు. వీటిలో మన పల్లెల, పట్టణాల కంప్యూటర్లకు విడిగా లెక్క లేదు. ఉన్న లెక్క మరొకటి: 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటరున్న ఇళ్లు 10.7 శాతం, పల్లెల్లో 4.4 శాతం. వందింట నాలుగిళ్లలో ఉన్న యంత్రాన్ని చెత్తబుట్టలో వేస్తే, ఆ ఊళ్లో దానికి మారు ఉండదు.

ఇంకో ధరల పట్టిక ఉంది, దాన్నీ చూడాలి. కంపెనీలకు ఈఎస్‌యూ మొదటి ఏడాది కంప్యూటరుకు 61 డాలర్లు, ఏటేటా రెట్టింపు, మూడేళ్లు. విద్యాసంస్థలకు మొదటి ఏడాది ఒక డాలరు, తర్వాత రెండు, ఆపైన నాలుగు. అంటే ఒక కాలేజీ తన ల్యాబులోని కంప్యూటరును మూడేళ్లు ఏడు డాలర్లతో కాపాడుకోవచ్చు. ఆ కాలేజీలో చదివే పిల్ల తన ఇంటి కంప్యూటరును ఒక్క ఏడాదే కాపాడుకోగలదు. కంపెనీకి 2028 దాకా, కాలేజీకి 2028 దాకా, ఇంటికి 2026 దాకా!

అసలు మాట ఇక్కడుంది. కంపెనీల కోసం విండోస్ 10 ప్యాచ్‌లు 2028 అక్టోబర్ దాకా తయారవుతూనే ఉంటాయి. యంత్ర పరికరాల్లో వాడే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే రకానికైతే 2032 జనవరి దాకా. పేరు పొడుగైనా లోపలున్నది ఆ పాత విండోస్ 10 కుటుంబమే. అంటే వంటశాలలో పొయ్యి ఆరలేదు, ఇంకో ఆరేళ్లు ఆరదు. వండమని ఎవరూ అడగడం లేదు. ఉడుకుతున్న అన్నంలోంచి ఇంటి కంప్యూటరుకు ఒక విస్తరి వేయమంటున్నారు.

వేయకపోతే ఇళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవు. కొందరు అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించుకుంటారు. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చే ఆ పద్ధతిని 2021లో మీ సంస్థే తన సహాయ పేజీలో పెట్టి, తర్వాత తీసేసింది. అలా ఎక్కిస్తే అప్‌డేట్లకు హామీ లేదన్న హెచ్చరికా దాని వెంటే ఉండేది. కొందరు లినక్స్ వైపు వెళ్తారు. విండోస్ 10 వదిలేసినవాళ్లను లినక్స్‌లోకి ఆహ్వానిస్తూ ‘ఎండ్ ఆఫ్ 10’ అనే ఉద్యమమే నడుస్తోంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో గ్నూ/లినక్స్‌ను ఏనాడో తయారు చేసింది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లతరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. ఆరో తరం ఐ5 మీద ఉబుంటు హాయిగా పరిగెడుతుంది కూడా. అయితే అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసుకునే డీటీపీ వాళ్లకు ఆ దారి అంత సులువు కాదు. వాళ్ల కీబోర్డు అలవాటు, పాత ఫైళ్లు, ప్రింటరు డ్రైవరు అన్నీ విండోస్‌కే కట్టేసి ఉన్నాయి. అందరికన్నా ఎక్కువమంది మాత్రం ఏమీ చేయరు. గడువు తీరిన విండోస్‌తోనే బ్యాంకు లావాదేవీలు చేస్తూ పోతారు. వానాక్రై లాంటిది మళ్లీ వస్తే మొదట దొరికేది వాళ్లే.

పంథా మార్చుకోవడం ఎవరికీ నామోషీ కాదు. ఆపిల్ 2007లో లెపర్డ్‌ను 129 డాలర్లకు అమ్మి, 2009లో స్నో లెపర్డ్ అప్‌గ్రేడ్‌ను 29 డాలర్లకు దించి, 2013లో మావెరిక్స్‌తో ఉచితం చేసేసింది. పాత మ్యాక్‌లను వదిలేయడంలో వాళ్లకూ మొహమాటం లేదనుకోండి. అయినా ధర దిగివచ్చిన కొద్దీ జనం కొత్త వెర్షన్‌కు మారతారని అది నిరూపించింది. మీ 1,999 రూపాయలూ ఆ మాటే చెప్పాయి.

అందుకని ఈ లేఖ నాలుగు సంగతులు అడుగుతోంది. ఒకటి, ఇళ్లకు ఈఎస్‌యూను కంపెనీలతో సమానంగా 2028 అక్టోబర్ దాకా పొడిగించండి. రెండు, ఆ పొడిగింపు ధర భారతదేశంలో విద్యాసంస్థల పట్టిక ప్రకారం ఉండనివ్వండి. లేదంటే యూరప్ ఇళ్లకు ఇచ్చినట్టు వన్‌డ్రైవ్ షరతు లేకుండా ఇవ్వండి. మూడు, లైసెన్సు లేని పాత కంప్యూటర్లను సక్రమ మార్గంలోకి తేవడానికి 2012లో పెట్టినట్టు రూపాయల్లో ఒక అప్‌గ్రేడ్ ధర పెట్టండి, మూడు నెలలైనా సరే. నాలుగు, ఆ ‘ఎన్‌రోల్ నౌ’ లింకు ఉందని తెలుగులో చెప్పండి. ఎక్స్‌పీ నాటి గౌతమి తర్వాత విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మలా యూఐ అంటూ తెలుగు ఫాంట్లు వరసగా వచ్చాయి. వాటిలో ఏదో ఒకదానితో ఒక్క పేజీ సమాచారం రాయిస్తే చాలు.

ఇవి మోయలేని బరువులు కావు. 1998 నుంచి హైదరాబాద్‌లో మీ అభివృద్ధి కేంద్రం నడుస్తోంది. భారతదేశంలో క్లౌడ్, ఏఐ కోసం 17.5 బిలియన్ డాలర్లు పెడుతున్నట్టు 2025 డిసెంబరులో మీరే ప్రకటించారు. ఆ పద్దులో హనుమకొండ డెస్క్‌టాప్‌కు పట్టే ఖర్చు అడుగున చిల్లర వరసలో కూడా కనిపించదు.

చివరగా తేదీ విషయం. మీ సంస్థ ప్యాచ్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. 2026 అక్టోబర్ 13 కూడా రెండో మంగళవారమే. చాలా తెలుగు ఇళ్లలో మంగళవారం నాడు ఎవరికీ డబ్బివ్వరు, ఇంట్లో వస్తువు గడప దాటనివ్వరు. బేగంపేటలో చదువుకున్న మీకు ఈ పట్టింపు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ మంగళవారం మాస్టారి కంప్యూటరు గడప దాటాలో, ఇంకో రెండేళ్లు ఆ బల్ల మీదే ఉండాలో తేల్చే కాగితం ఇప్పుడు రెడ్‌మండ్‌లో మీ బల్ల మీద ఉంది.

ఇట్లు,
విండోస్ 10 ఇంకా నడుస్తున్న తెలుగు ఇళ్ల తరఫున